మా మిద్దె మీద సోలార్: జూన్ కరెంటు బిల్లు నుంచి ₹78,000 సబ్సిడీ పడేదాకా

ఇంటి మిద్దె మీద సోలార్ పెట్టుకున్నవాళ్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ ₹78,000 మా అత్తయ్య బ్యాంకు ఖాతాలో 2025 అక్టోబర్ 24న పడింది. దానికి దరఖాస్తు పెట్టే పోర్టల్‌ను మేం మొదటిసారి తెరిచింది జూన్ 15న. ఈ నాలుగు నెలల్లో మిద్దె మీద జరిగిన పని చాలా తక్కువ. మిగతాదంతా పేర్లు సరిచేసుకోవడం, కాగితాలు పట్టుకుని తిరగడం, ఎదురుచూడడం. చెన్నైలో సొంత ఇల్లున్న మనవాళ్లు చాలామంది ‘నిజంగా డబ్బు వస్తుందా, ఎంత తిప్పలు’ అని అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చెన్నై కొళత్తూరులో మావయ్య కట్టించిన ఇల్లు. కింద అద్దెకున్నవాళ్లు, పైన మేం. రెండు పోర్షన్లకూ వేర్వేరు మీటర్లు. జూన్ మొదటివారంలో రీడింగ్ తీశాక మా పై పోర్షన్‌కు 860 యూనిట్లు, ₹5,512 అని మెసేజ్ వచ్చింది. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి. 2025లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి 100 యూనిట్లు అందరికీ ఉచితం. 400 దాకా ఫర్వాలేదు. 500 దాటితే మాత్రం మధ్యలో ఉండే చౌక రేటు పోయి, ఆ పైన యూనిట్ ₹8.55, ₹9.65, 800 దాటాక ₹10.70 అలా ఎక్కుతూ పోతుంది. అంటే మాకు చివరి 360 యూనిట్లకే మూడు వేల నాలుగొందలకు పైగా అయింది. రెండు ఏసీలు, అందులో ఒకటి అత్తయ్య గదిలో. ఆవిడకు 74 ఏళ్లు, ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట ఏసీ ఆపమని ఎలా చెప్తాం? పైగా బిల్లు చూసి ఆవిడే ఆపేసుకోవడం మొదలుపెట్టారు. పొద్దున లేచేసరికి దిండు తడిసిపోయి ఉండేది. అది చూశాక ఇక ఈ సోలార్ సంగతేదో తేల్చుకుందామని నేనూ మావారూ కూర్చున్నాం.

పథకం పేరు పీఎం సూర్య ఘర్. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు ₹30,000, మూడో కిలోవాట్‌కు ₹18,000, మొత్తం ₹78,000. మూడుకు మించి ఎంత పెట్టినా అంతే. మా వాడకానికి మూడు కిలోవాట్లు సరిపోతాయని లెక్క వేసుకున్నాం. బాగా ఎండ ఉన్న రోజు కిలోవాట్‌కు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి కాబట్టి రోజుకు పన్నెండు, నెలకు 350 దాకా.

జూన్ 15 ఆదివారం. పోర్టల్‌లో రాష్ట్రం, కరెంటు సంస్థ ఎంచుకుని, బిల్లు మీదున్న కన్జ్యూమర్ నంబర్ కొట్టగానే మావయ్య పేరు వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. దరఖాస్తు పెట్టేవాళ్ల పేరు, కరెంటు కనెక్షన్ పేరు ఒక్కటే ఉండాలి. ఇంటిపన్ను రసీదు అప్పటికే అత్తయ్య పేరు మీదకు మారింది గాని, ఈబీ (కరెంటు బోర్డు) కనెక్షన్ సంగతి ఎవరికీ తట్టలేదు. బిల్లు ఎవరి పేరున వచ్చినా కట్టేది మనమే కదా, అందుకని.

పేరు మార్చాలని చెప్తే అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మావారితో, ‘మీ నాన్న పేరు మీద ఈ ఇంటికి వచ్చేది ఇదొక్కటే నాయనా’ అన్నారు. మావయ్యకు ఒక అలవాటు ఉండేది. రీడింగ్ రాసే తెల్ల కార్డు నిండిపోయి కొత్తది ఇచ్చినప్పుడల్లా పాతదాన్ని పారేయకుండా రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టేవారు. 1988 నుంచీ ఉన్నాయి. ఆ కట్ట తీసి ఒక్కో కార్డూ చూస్తూ కూర్చున్నారావిడ. ఒక నెలలో 40 యూనిట్లు, ఇంకో నెలలో 62. ఒక ఫ్యాను, రెండు బల్బుల రోజులు. మేం బలవంతం చేయలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడే, ‘ఆయనుంటే ఈపాటికి పెట్టించేసేవారు, మార్చండి’ అన్నారు. ఈ ప్రక్రియ మొత్తంలో నా మనసుకు కష్టమనిపించింది ఇదే.

పేరు మార్పు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాం. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చిన లీగల్ హెయిర్ సర్టిఫికెట్, ఇంటిపన్ను రసీదు, మిగతా వారసుల సంతకాలు కావాలి. బ్యాంకు పని కోసం అప్పట్లోనే హెయిర్ సర్టిఫికెట్ తీసుకుని ఉండడం మాకు కలిసొచ్చింది. అది లేనివాళ్లు ముందు ఆ పని మొదలుపెట్టాలి, దానికే టైమ్ పడుతుంది. నెల్లూరులో ఉన్న వదిన నో అబ్జెక్షన్ మీద సంతకం చేసి కొరియర్‌లో పంపారు.

ఇక్కడ చెన్నై తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, కాస్త వివరంగా చెప్తాను. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి రికార్డుల్లో ఇంటిపేరుకు చోటు లేదు. ఆడవాళ్లకైతే తండ్రి పేరులోనో భర్త పేరులోనో మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెడతారు. అత్తయ్య ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో మావయ్య పేరు మొదటి అక్షరం ఇనిషియల్. రేషన్ కార్డులో ఇనిషియలే లేదు. ఆస్తి పత్రాల్లో ఆవిడ పుట్టింటి అక్షరం. ఒకే మనిషికి నాలుగు పేర్లు. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆ కాగితాలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఈ పథకంలో కంప్యూటర్ చూస్తుంది. కొత్త కనెక్షన్ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించమని మావారి ఆఫీసులో ఒకాయన చెప్పారు. ఆయన ఆ ఒక్క మాట చెప్పకపోయుంటే మాకు ఇంకో నెల పట్టేది. పేరు మారినట్టు జూలై 11న మెసేజ్ వచ్చింది.

జూలై 14న దరఖాస్తు పెట్టాం. మొబైల్ ఓటీపీ, ఆధార్ కేవైసీ, తాజా బిల్లు, అంతే. ఓటీపీలన్నీ అత్తయ్య ఫోన్‌కే వస్తాయి. ఆవిడ బటన్ ఫోన్ వాడతారు. పక్కన కూర్చుని అంకెలు తెలుగులో చదివేవారు, నేను కొట్టేదాన్ని. ఆధార్‌కు లింకైన నంబరు పాతదైపోయి ఉంటే ముందు అది మార్పించుకోవాలి. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు ఇప్పుడు సాంకేతిక పరిశీలన అవసరం లేదు, నేరుగా ఆమోదం వచ్చినట్టే లెక్క. మాకు మర్నాటికే వచ్చేసింది. అంతకుముందు దీనికే వారాలు పట్టేదని మా వీధిలో ముందే పెట్టించుకున్నవాళ్లు చెప్పారు.

ఈలోగా కొటేషన్లు తీసుకున్నాం. ధరలు ₹1,60,000 నుంచి ₹2,30,000 దాకా ఉన్నాయి. అంత తేడా ఎందుకో మొదట అర్థం కాలేదు. విడివిడిగా కూర్చుని అడిగితే తెలిసింది. తక్కువ చెప్పినాయన పెట్టేది డీసీఆర్ ప్యానెల్ కాదు. సబ్సిడీ రావాలంటే ప్యానెల్ మాత్రమే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే అయ్యుండాలి. దాన్నే డీసీఆర్ అంటారు, వాటి ధర ఎక్కువ. ‘సబ్సిడీ నేను తెప్పిస్తానమ్మా, మీకెందుకు’ అన్నాడాయన. ఎలా తెప్పిస్తారో కాగితం మీద రాసివ్వమంటే మళ్లీ ఫోన్ చేయలేదు. ఇంకొకరు సబ్సిడీ పోగా మిగిలింది కడితే చాలు అన్నారు. వినడానికి బాగుంది గాని, డబ్బు పడేది మన ఖాతాలోనే కదా, పడ్డాక వాళ్లకివ్వాలి, దానికి ముందే ఖాళీ చెక్కు అడిగారు. వద్దనుకున్నాం. మామూలు పద్ధతి ఏమిటంటే మొత్తం డబ్బు మనం ముందు పెట్టుకోవాలి, సబ్సిడీ అన్నీ అయ్యాక చివర్లో వస్తుంది. ఈ సంగతి తెలియక ₹78,000 తగ్గించి చేతిలో డబ్బు సిద్ధం చేసుకున్నవాళ్లు మధ్యలో ఇబ్బంది పడతారు. తాకట్టు లేకుండా బ్యాంకు లోను ఇస్తారు, ఆరు శాతం దగ్గర్లో. మాకు ఎఫ్‌డీ ఒకటి ముగిసే సమయం కాబట్టి లోను జోలికి వెళ్లలేదు.

మేం ఖాయం చేసుకున్న వెండర్ ఆదంబాక్కం నుంచి వచ్చారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, 3.24 కిలోవాట్లు, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్, మొత్తం ₹1,87,000. వాటిని నేలకు దగ్గరగా కాకుండా ఎనిమిది అడుగుల ఎత్తులో పెట్టించడానికి ఇంకో ₹18,000. అంతా కలిపి పన్నుతో ₹2,05,000. ఎత్తు ఎందుకంటే ఆ మిద్దె మాకు కావాలి. బట్టలు అక్కడే ఆరేస్తాం. వేసవిలో అత్తయ్య గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పెట్టేదీ, ఆవకాయకు మామిడికాయ ముక్కలు ఆరబెట్టేదీ అక్కడే. ప్యానెళ్ల కింద నీడే కాబట్టి అక్కడ వడియాలు ఎండవు. అందుకని తూర్పు వైపు పది అడుగులు ఖాళీగా వదలమని ఆవిడే స్వయంగా సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీత ప్రకారమే పెట్టారు.

కొలతలు తీయడానికి వచ్చిన కుర్రాడు చాలా ఓపికమంతుడు. మెట్ల గది మీద మాకు వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. సాయంత్రం మూడున్నర తర్వాత దాని నీడ ఎక్కడిదాకా వస్తుందో మిద్దె మీదే నిలబడి గుర్తులు పెట్టాడు. ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తానికి కరెంటు తగ్గుతుందట. దక్షిణం వైపు, సుమారు 13 డిగ్రీల వాలు.

నా భయం తుపాను. 2016 డిసెంబర్‌లో వర్దా వచ్చినప్పుడు మా ఎదురింటి రేకులు ఎగిరొచ్చి మా పిట్టగోడ మీద పడ్డాయి. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, దాదాపు 28 కిలోలు. అలాంటివి ఆరు, ఎనిమిది అడుగుల ఎత్తులో. రాత్రిళ్లు అదే ఆలోచన. గంటకు 150 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా కడతామని వెండర్ కొటేషన్‌లోనే రాయించాం. ఇనుప స్తంభాలు జింకులో ముంచి తీసినవే ఉండాలి, పైన వెండిరంగు పూసినవి వద్దు. స్తంభం కింద పలక పెట్టి మిద్దెకు బోల్టులు కొడితే వాన నీళ్లు దిగుతాయి. అందుకని పైన పరిచిన టైల్స్ అంతమేర తీసి, స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేశారు.

ముహూర్తం సంగతి కూడా చెప్పాలి. జూలై 24 దాకా మనకు ఆషాఢం. కొత్త పని వద్దని అత్తయ్య అన్నారు. శ్రావణం 25న మొదలైంది. ఇక్కడి వాళ్లకేమో ఆడి నెల ఆగస్టు 16 దాకా ఉంది, ఆ నెలలో వాళ్లు కొత్త పనులు మొదలుపెట్టరు. దాంతో వెండర్ దగ్గర మనుషులు ఖాళీగా ఉన్నారు. అడిగిన రోజే దొరికారు. మామూలుగా అయితే రెండు మూడు వారాలు ఆగాలట. జూలై 30న దిమ్మెలు పోశారు. వారం రోజులు తడిపాం. ఆగస్టు 6న స్తంభాలు నిలబెట్టి, 7న ప్యానెళ్లు ఎక్కించారు. మెట్ల దారి ఇరుకు, ప్యానెల్ తిరగదు. బయటినుంచి తాళ్లతో లాగారు. కింద పోర్షన్ వాళ్ల స్కూటర్లు ముందే పక్కకు తీయించాల్సింది, ఆ గంటసేపు వీధంతా హడావిడి. పనివాళ్లలో ఒకబ్బాయిది నాయుడుపేట. అత్తయ్యను ‘అమ్మమ్మా’ అని పిలుస్తూ మజ్జిగ రెండుసార్లు అడిగి తాగాడు. మర్నాడే వరలక్ష్మీ వ్రతం, ఆ లోపల అయిపోవాలని ఆవిడ కోరిక, అయిపోయింది.

భూమిలో మూడు ఎర్తింగ్ గుంతలు తీశారు. ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఇంటి కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడూ విడివిడిగా ఉండాలి. మా ఇంటి ముందు మట్టి నేల ఒక గజమే ఉంది, మిగతాదంతా సిమెంటు. రెండు చోట్ల పగలగొట్టి మళ్లీ పూడ్చడానికి మేస్త్రీకి విడిగా ₹2,500 ఇచ్చాం. ఇది ఏ కొటేషన్‌లోనూ లేదు. మీరు అడిగి ముందే రాయించుకోండి.

అన్నీ బిగించాక స్విచ్ వేయకూడదన్నారు. అది నాకు తెలియదు. రెండువైపులా లెక్కపెట్టే మీటరు వచ్చేదాకా సోలార్ ఆన్ చేస్తే, మనం బయటికి పంపే కరెంటును కూడా పాత మీటరు మన వాడకం కిందే లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఆగస్టు ఎండలు మండుతున్నాయి, ప్యానెళ్లు మిద్దె మీద మెరుస్తున్నాయి, కింద మీటరు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతోంది. రెండు లక్షలు కట్టేసి అలా చూస్తూ ఉండడం ఆరు వారాల దాకా సాగింది. ఆ రోజుల్లో మాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

అందులో సగం ఆలస్యం వెండర్ వల్ల వచ్చింది. పోర్టల్‌లో పని పూర్తయిన వివరాలు ఎక్కించాల్సింది వాళ్లే. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, ఇన్వర్టర్ నంబరు, ప్లాంటు దగ్గర దరఖాస్తుదారు నిలబడిన ఫొటో, అది కూడా లొకేషన్‌తో. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మావారు ముందు, నేను వెనక, ఒక్కో మెట్టూ ఎక్కించాం. పైకి వచ్చాక ఆవిడ మొదట చేసిన పని ఇనుప స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడడం. కదల్లేదు. అప్పుడు ఫొటోకు నిలబడ్డారు. అంత కష్టపడి తీసిన ఫొటోను వెండర్ ఆఫీసులో వారం పైన అలాగే ఉంచుకున్నారు. మిగిలిన డబ్బు మొత్తం అప్పటికే కట్టమని మాత్రం రోజూ ఫోన్. మావారు పదిశాతం ఆపి, అప్‌లోడ్ అయ్యాకే ఇస్తామని గట్టిగా చెప్పారు. ఆగస్టు 20న ఎక్కించారు. ఒక ప్యానెల్ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. అది సరిచేయించేసరికి 28.

ఆ నంబర్లు మీరే ఒకసారి సరిచూసుకోండి. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద ఉంటాయి. ఎనిమిది అడుగుల ఎత్తుకు ఎక్కించాక చదవడం కష్టం. కిందనే గోడకు ఆనించి ఉన్నప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టాను, తప్పు ఎక్కడుందో వాటివల్లే తేలింది.

సెప్టెంబర్ 4న ఈబీ ఇంజనీరు గారు వచ్చి చూశారు. ఎర్తింగ్ కొలిచారు, ఇన్వర్టర్ నంబరు పోల్చుకున్నారు, మెయిన్ స్విచ్ ఆపితే ఇన్వర్టర్ దానంతట అదే ఆగుతోందా లేదా పరీక్షించారు. అరగంట. మీటరు, టెస్టింగ్ కలిపి నాలుగు వేల పైచిలుకు ఆన్‌లైన్‌లో కట్టాం. సెప్టెంబర్ 17న కొత్త మీటరు బిగించారు. ఆ మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో స్విచ్ వేస్తే ఇన్వర్టర్ మీద 2.3 కిలోవాట్లు అని చూపించింది. మావారు ఆఫీసుకు సెలవు పెట్టారు, ఎవరూ అన్నం సంగతి ఎత్తలేదు, అందరం గోడ దగ్గర నిలబడి ఆ అంకెనే చూశాం. మబ్బు పట్టగానే 0.9కి దిగడం, మళ్లీ ఎక్కడం. అత్తయ్యకు కుర్చీ తెచ్చి వేశాం.

సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మా బిల్లు ఆగస్టులోనే అయిపోయింది. సామానుకు 70 శాతం, పనికి 30 శాతం అని విడదీసి పన్ను వేస్తారు కాబట్టి, మా మొత్తం మీద దాదాపు ₹8,800 తేడా వచ్చేది. ఇప్పుడు కొటేషన్ తీసుకునేవాళ్లు పన్ను ఎంత శాతం వేశారో తప్పకుండా చూసుకోండి.

కమిషనింగ్ అయినట్టు, అంటే ప్లాంటు నడవడం మొదలైనట్టు పోర్టల్‌లో వచ్చాక సబ్సిడీ కోసం మళ్లీ మనమే అడగాలి, దానంతట అది రాదు. సెప్టెంబర్ 20న బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఎక్కించాం. కొన్ని రోజులకు పేరు సరిపోలేదని తిరిగొచ్చింది. పాస్‌బుక్‌లోని ఆ ఇనిషియలే. కనెక్షన్ పేరు మార్చేటప్పుడే బ్యాంకులో కూడా పేరు మార్చమని అడిగి ఉన్నాం, వాళ్లు సరే అని కాగితాలు తీసుకున్నారు గాని కంప్యూటర్‌లో మారలేదు. అత్తయ్యను ఆటోలో తీసుకెళ్లి, ఆధార్ చూపించి, వేలిముద్ర వేయించి, ఎదురుగా కూర్చుని మార్పించాం. కొత్త పేరుతో చెక్కుబుక్కు వచ్చాక అక్టోబర్ 6న మళ్లీ పంపించాం. ఈసారి వెళ్లింది. సందేహాలకు 15555 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దరఖాస్తు ఏ దశలో ఉందో అక్కడివాళ్లు మాకు ఓపిగ్గా చెప్పారు.

దీపావళి అక్టోబర్ 20న. అప్పటికి రాలేదు. నాకైతే ఇక రాదేమో అనిపించింది, బయటికి అనలేదు. శుక్రవారం 24న మధ్యాహ్నం అత్తయ్య బటన్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆవిడ అంకెలు ఒక్కొక్కటిగా చదివారు, ఏడు, ఎనిమిది, సున్నా, సున్నా, సున్నా. ఆ డబ్బు తన పేరున వచ్చింది కాబట్టి తనదేనని, దాంతో వదిన కూతురి పెళ్లికి గాజులు చేయిస్తానని చెప్పారు. మేం కాదనలేదు.

కొన్ని సంగతులు వాడకంలో తెలిశాయి. అక్టోబర్ వానల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, బయట కాస్త ఎండ కాస్తోంది, అయినా ఇంట్లో ఫ్యాను తిరగలేదు. ‘అంత డబ్బు పోసి పెట్టించి ఏం లాభం’ అని అత్తయ్య బాధపడ్డారు. బ్యాటరీ లేని ఇలాంటి సోలార్ బయట లైన్‌లో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. లేకపోతే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగులుతుంది. అందుకే ఆగిపోయేలా చేస్తారు. మా పాత ఇన్వర్టర్ బ్యాటరీని తీసేయకుండా ఉంచడం మంచిదైంది. కరెంటు కోతకు పరిష్కారం అనుకుని మాత్రం ఎవరూ దీన్ని పెట్టించుకోవద్దు.

వాషింగ్ మెషీన్, మోటారు అన్నీ పగలే వేయమని చాలామంది సలహా ఇచ్చారు. మాది నెట్ మీటరింగ్ కాబట్టి అవసరం పడలేదు. పగలు బయటికి వెళ్లిన యూనిట్, రాత్రి లోపలికి వచ్చిన యూనిట్‌తో సరిపోతుంది. అత్తయ్య ఏసీ రాత్రంతా నడుస్తోంది.

కిందనున్న అద్దెవాళ్ల బిల్లు మాత్రం ఏమీ మారలేదు, ఎందుకంటే సోలార్ కలిపింది పై మీటరుకే. వాళ్లు మొదట్లో తమకూ తగ్గుతుందని ఆశపడ్డారు. ముందే చెప్పి ఉంటే బాగుంటుంది, ఇంటి యజమానులు గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్ మొదట్లో వచ్చిన బిల్లు ₹200 లోపే. వానాకాలం కాబట్టి కొన్ని రోజులు నాలుగు యూనిట్లు కూడా రాలేదు, ఎండ ఉన్న రోజుల్లో పన్నెండు దాటింది. స్లాబు ఎక్కడా కారలేదు. మేస్త్రీ కూలి, మీటరు, అన్నీ కలిపి మా చేతినుంచి వెళ్లింది ₹2,12,000 దాకా, సబ్సిడీ పోను ₹1,34,000. మా పాత బిల్లుల ప్రకారం ఆరేళ్లకు తిరిగొస్తుంది.

పదిహేను రోజులకోసారి ప్యానెళ్లు కడగాలి. వీధి దుమ్ము, కాకుల రెట్టలు. ఎనిమిది అడుగుల ఎత్తు పెట్టించుకున్నాం కాబట్టి పొడుగు కర్రకు మెత్తటి బ్రష్ కట్టి, ఎండ ఎక్కకముందే పొద్దున్నే నీళ్లు కొట్టి తుడుస్తున్నాం. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. ఐదేళ్లపాటు మెయింటెనెన్స్ వెండరే చూడాలని ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందం కాపీ, ప్యానెళ్ల వారంటీ కార్డులు, డీసీఆర్ సర్టిఫికెట్ అన్నీ అత్తయ్య మావయ్య ఈబీ కార్డులున్న అరలోనే పెట్టించారు. పక్కింటి కన్నడం వాళ్ల అబ్బాయి మొన్న వచ్చి అడిగాడు. వాళ్ల కనెక్షన్ ఇంకా తాతగారి పేరు మీదే ఉందట. లీగల్ హెయిర్ సర్టిఫికెట్‌కు ఈ సోమవారమే దరఖాస్తు పెట్టించాం.